రాజీ అయిపోయిన పాత కేసును అటెస్టేషన్ ఫారంలో రాయాలా?

కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలప్పుడు ఊళ్లో రెండు వర్గాలు కొట్టుకున్నాయి. పద్నాలుగు మంది మీద కేసు నమోదైంది, అందులో ఇతను తొమ్మిదో ముద్దాయి. అప్పటికి వయసు 19. స్టేషన్‌కు పిలిచి, నోటీసు ఇచ్చి, సంతకం తీసుకుని పంపేశారు. ఏడాది తర్వాత పెద్దమనుషులు మాట్లాడి లోక్ అదాలత్‌లో రాజీ చేశారు. ఇప్పుడు సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) కానిస్టేబుల్‌గా ఎంపికయ్యాడు, పూర్వాపరాల విచారణ కోసం నింపే అటెస్టేషన్ ఫారం చేతికి వచ్చింది. ‘రాజీ అయిన కేసు లేనట్టే, లేదు అని రాసెయ్’ అని కోచింగ్ సెంటర్‌లో చెప్పారట. నాన్నగారూ అదే పట్టు మీద ఉన్నారట. రాస్తే ఉద్యోగం పోతుందా, రాయకపోతే పోతుందా అని అడుగుతున్నాడు.

రాయండి బాబూ. ఉన్నది ఉన్నట్టు, కేసు నంబరుతో సహా రాయండి. మీరు చెప్పిన వివరాలే నిజమైతే ఆ కేసు వల్ల ఉద్యోగం పోయే అవకాశం తక్కువ. దాన్ని దాచి కింద సంతకం పెడితే పోయే అవకాశం చాలా ఎక్కువ. అది ఇప్పుడే పోవాలనీ లేదు, చేరిన నాలుగేళ్లకైనా పోవచ్చు.

నేను రాయలసీమలో పోలీసు శాఖలో 34 ఏళ్లు పనిచేశాను. అందులో చివరి 11 ఏళ్లు స్పెషల్ బ్రాంచిలో ఇలాంటి విచారణలే. రైల్వే, సైన్యం, బ్యాంకులు, పోలీసు, ఉపాధ్యాయులు, పాస్‌పోర్టులు, అన్నిటి ఫారాలూ నా బల్ల మీదకు వచ్చేవి. కేసు ఉన్నందుకు ఉద్యోగం పోయినవాళ్లకంటే, లేదని రాసినందుకు పోగొట్టుకున్నవాళ్లనే ఎక్కువమందిని చూశాను. వాళ్లలో చాలామంది కేసు మీ కేసంత కూడా లేదు. ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

ముందు ఆ ఫారాన్ని ఒకసారి నెమ్మదిగా చదవండి. చాలామంది చదవరు, ముందు నింపినవాడిది చూసి నింపేస్తారు. కేంద్ర ప్రభుత్వ ఫారంలో మొట్టమొదటే ఒక హెచ్చరిక ఉంటుంది: తప్పుడు సమాచారం ఇవ్వడం, నిజాన్ని దాచడం అనర్హత అవుతుందని, అలాంటి అభ్యర్థి ప్రభుత్వోద్యోగానికి తగనివాడిగా పరిగణించబడవచ్చని. ఆ తర్వాత ఒకే కాలమ్‌లో చాలా చిన్న ప్రశ్నలు వరుసగా ఉంటాయి. మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా? ప్రాసిక్యూట్ చేశారా? నిర్బంధంలో ఉంచారా? బైండోవర్ చేశారా? కోర్టు జరిమానా వేసిందా? శిక్ష పడిందా? ఏదైనా పరీక్ష నుంచి డిబార్ చేశారా? విశ్వవిద్యాలయం నుంచి బహిష్కరించారా? ఈ ఫారం నింపే నాటికి ఏదైనా కేసు పెండింగులో ఉందా? ఇవి వేర్వేరు ప్రశ్నలు. ఒక్కోదానికి ఒక్కో జవాబు ఉంటుంది. మన పిల్లలు వీటన్నిటినీ కలిపి ‘నువ్వు నేరస్థుడివా?’ అనే ఒకే ప్రశ్నగా చదువుకుంటారు. కాదు కాబట్టి అన్నిటికీ ‘లేదు’ అని గీత లాగేస్తారు. తప్పు మొదలయ్యేది అక్కడే.

మీ సంగతే తీసుకుందాం. మీకు ఇచ్చింది బహుశా అప్పటి నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలోని 41-ఏ నోటీసు అయి ఉంటుంది. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు అవసరం లేదనుకుంటే ఆ నోటీసు ఇచ్చి పంపుతారు. అది నోటీసే అయితే ‘అరెస్టు చేశారా’ అన్నదానికి ‘లేదు’ అనే జవాబు నిజమే. కానీ ఆ రోజు పూచీకత్తు మీద స్టేషన్ బెయిల్ ఇచ్చి పంపి ఉంటే రికార్డులో అది అరెస్టు కిందే ఉంటుంది. లాకప్‌లో పెట్టలేదు, చేతికి సంకెళ్లు వేయలేదు, రెండు గంటల్లో ఇంటికి వచ్చేశాం కాబట్టి అరెస్టు కాదనుకోవద్దు. ఆ రోజు దేని మీద సంతకం పెట్టారో మీకు గుర్తుండదు. అందుకే కాగితాలు తెప్పించుకుని చూశాకే ఆ గడి నింపండి. ఇక ఛార్జిషీటు దాఖలై, కోర్టు దాన్ని స్వీకరించి సీసీ నంబరు (కోర్టు ఇచ్చే కేసు నంబరు) ఇచ్చింది కాబట్టి ‘ప్రాసిక్యూట్ చేశారా’ అన్నదానికి మీ జవాబు ‘అవును’. ఇందులో సందేహం లేదు. శిక్ష పడిందా? లేదు. పెండింగులో ఉందా? లేదు. ఒకే కేసుకు ఒక ‘అవును’, మూడు నాలుగు ‘లేదు’లు వస్తాయి. కోచింగ్ సెంటర్ చెప్పిన దానిలో సగం నిజం ఉండటమే ప్రమాదం. రాజీపడదగిన నేరాల్లో రాజీ కుదిరితే చట్టం దృష్టిలో ముద్దాయి విడుదలైనట్టే, అప్పటి సీఆర్‌పీసీ 320 ఆ మాటే చెప్పింది. కానీ ఫారం అడుగుతున్నది ‘నిన్ను దోషిగా తేల్చారా’ అని మాత్రమే కాదు. కేసు నడిచిందా అని కూడా అడుగుతోంది. నడిచింది.

‘ఎలా తెలుస్తుంది వాళ్లకు?’ అని మీ నాన్నగారు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. మా పని ఎలా సాగేదో చెబుతాను. శాఖ నుంచి ఫారం జిల్లాకు వస్తుంది, ఎస్పీ కార్యాలయం నుంచి స్పెషల్ బ్రాంచికి, అక్కడి నుంచి మీ స్టేషన్‌కు. మీ పేరు, తండ్రి పేరు, ఊరు పట్టుకుని స్టేషన్ రికార్డు వెతుకుతారు. సీసీటీఎన్ఎస్ అనే దేశవ్యాప్త నెట్‌వర్క్‌లో ఎఫ్ఐఆర్‌లు, ఛార్జిషీట్లు ఉంటాయి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశించాక, కొన్ని సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌లను పోలీసు వెబ్‌సైట్‌లోనూ పెడుతున్నారు. ఈ-కోర్ట్స్‌లో పేరు కొడితే కేసు ఎవరికైనా కనిపిస్తుంది. తర్వాత మనిషి ఊరికి వస్తాడు. సచివాలయంలో అడుగుతాడు, పక్కింట్లో అడుగుతాడు, బస్టాండు దగ్గర టీ కొట్టులో కూర్చుంటాడు. నేను చేసిన విచారణల్లో అసలు సంగతి సగం సార్లు టీ కొట్టులోనే తెలిసింది.

ఇన్నీ దాటి బయటపడ్డా ఇంకొకటి ఉంటుంది, ఆకాశరామన్న ఉత్తరం. మన ఊళ్లలో ఉద్యోగం వచ్చిన ఇంటి మీద ఎన్ని కళ్లు ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ కేసులో అవతలి వర్గం వాళ్లు అదే ఊళ్లో ఉన్నారు. ఎఫ్ఐఆర్ జిరాక్సు వాళ్ల ఇంట్లోనూ ఉంటుంది. ఈ రోజు రాజీ పడ్డారు. రేపు పొలం గట్టు దగ్గర మాట తేడా వస్తే, ఆ జిరాక్సు కవరులో పెట్టి మీ కమాండెంట్‌కు పోస్టు చేయడానికి ఎంతసేపు? ప్రొబేషన్ పూర్తయి, పెళ్లయి, ఇంటికి అప్పు తీసుకున్నాక వచ్చిన ఉత్తరాలను నేను చూశాను. ఒక కుర్రాడి విషయంలో అలాంటి ఉత్తరం ఆరేళ్ల తర్వాత వచ్చింది. రాసిందెవరో ఎవరికీ తెలియదు, అందులోని కేసు నంబరు మాత్రం సరైనదే. నేను వెళ్లి చూసి నివేదిక రాయాల్సి వచ్చింది. ఆ రోజు వాళ్లమ్మ నాకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది. ఏ పని మీద వచ్చానో ఆమెకు చెప్పలేకపోయాను.

ఎవరికో డబ్బిస్తే ‘ఏమీ లేదు’ అని నివేదిక రాసి పంపుతారని కూడా ఎవరైనా చెప్పవచ్చు. ఆ దారి పట్టకండి. అలాంటి నివేదిక రికార్డును మార్చలేదు. తర్వాత బయటపడితే మీ మీద రెండో నేరం చేరుతుంది.

ఇప్పుడు చట్టం సంగతి. ఈ విషయంలో కీలకమైన తీర్పు అవతార్ సింగ్ కేసులో 2016 జూలైలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చింది. అంతకుముందు తీర్పులు ఒకదానికొకటి పొసగకుండా ఉండేవి. 2003లో ఒక కేంద్రీయ విద్యాలయ వ్యాయామ ఉపాధ్యాయుడి కేసులో, కేసును ప్రభుత్వమే ఉపసంహరించుకున్నా సరే, దాచినందుకు తొలగించడం సబబేనన్నారు. తాను హిందీ మాధ్యమంలో చదివానని, ఇంగ్లీషు ఫారం అర్థం కాలేదని ఆయన చెప్పుకున్నారు. ఎం.ఎడ్. చదివిన మనిషికి అర్థం కాలేదంటే కోర్టు నమ్మలేదు. తెలుగు మాధ్యమం పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి: అర్థం కాకపోతే అడిగి తెలుసుకుని నింపండి, తర్వాత ఆ సాకు పనికిరాదు. ఇంకోవైపు 2011లో ఢిల్లీ పోలీసు ఉద్యోగానికి ఎంపికైన ఒకరి కేసులో, ఇరవై ఏళ్ల కుర్రతనంలో జరిగిన కొట్లాట, రాజీ కూడా అయింది, యువకుల తప్పును కొంత క్షమించాలని అదే సుప్రీంకోర్టు అన్నది.

అవతార్ సింగ్ తీర్పు ఈ రెండు ధోరణులనూ కలిపి కొన్ని సూత్రాలు పెట్టింది. వాటిలో మీకు పనికొచ్చేవి చెబుతాను. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, దాపరికం ఉండకూడదు. కేసు చిన్నదైతే, అంటే చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటిదో, చిల్లర నేరమో అయితే, దాన్ని దాచినా యజమాని విచక్షణతో ఉపేక్షించవచ్చు. పెద్ద నేరంలో శిక్ష పడిన సంగతి దాస్తే నియామకం రద్దు చేయవచ్చు. ఉద్యోగంలో స్థిరపడ్డాక తొలగించాలంటే శాఖాపరమైన విచారణ జరపాలి. ఫారంలో అడగని విషయాన్ని చెప్పలేదని శిక్షించకూడదు. తెలియని విషయాన్ని దాచాడని అనకూడదు, ఆ సంగతి అభ్యర్థికి ముందే తెలిసి ఉండాలి.

మీ నాన్నగారు పట్టుకునే సూత్రం ఒకటి ఇందులో ఉంది, దాన్ని నేను దాచను. ముగిసిపోయిన కేసును నిజాయతీగా చెప్పినా, నియమించి తీరాలని యజమానిని బలవంతం చేయలేం. పూర్వ ప్రవర్తనను పరిశీలించే హక్కు శాఖకు ఉంటుంది. యూనిఫాం ఉద్యోగాల్లో ఆ పరిశీలన మరింత కఠినం. సాక్షులు అడ్డం తిరగడం వల్లనో, సంశయ లాభం వల్లనో విడుదలైతే పోలీసు శాఖ దాన్ని పూర్తి నిర్దోషిత్వంగా చూడనక్కర్లేదని 2013లో ఢిల్లీ పోలీసుల కేసులో సుప్రీంకోర్టు అన్నది. కాబట్టి రాస్తే వంద శాతం ఉద్యోగం ఖాయమని నేను చెప్పడం లేదు. మీ కేసులో సెక్షన్లు 341, 323, 506 అని రాశారు, అంటే దారికి అడ్డం నిలబడటం, చేతులతో కొట్టడం, బెదిరించడం. 307, అంటే హత్యాయత్నం లేదు, ఆడవాళ్ల మీద నేరం లేదు, దొంగతనం లేదు, ఆయుధం లేదు. పద్నాలుగు మందిలో తొమ్మిదో పేరు. పందొమ్మిదేళ్ల వయసు. ఒక్కటే కేసు. ఆ తర్వాత ఐదేళ్లలో ఇంకేమీ లేదు. ఇలాంటి ఫైలు చదివే అధికారి నియామకం వైపే మొగ్గడానికి కారణాలు చాలా ఉన్నాయి. నిజం రాశాక కూడా తిరస్కరిస్తే హైకోర్టుకు వెళ్లడానికి మీ చేతిలో బలమైన కేసు ఉంటుంది. అబద్ధం రాశాక తిరస్కరిస్తే మొదటి వాయిదాలోనే మీ సంతకాన్ని మీ ముందు పెడతారు.

దాచినా కోర్టుల్లో గెలిచినవాళ్లు ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. 2022 మేలో రైల్వే రక్షణ దళం కానిస్టేబుల్ ఒకరికి, 2024 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ కానిస్టేబుల్ అభ్యర్థి ఒకరికి సుప్రీంకోర్టు అనుకూలంగా చెప్పింది. కానీ సంవత్సరాలు లెక్కపెట్టండి. ఢిల్లీ కేసులో ఆయన దరఖాస్తు చేసింది 1999లో, తీర్పు 2011లో. ఉత్తరప్రదేశ్ కేసులో ఎంపిక 2004లో, తీర్పు 2024లో. ఇరవై ఏళ్లు! ఇరవై రెండేళ్ల కుర్రాడు నలభై రెండేళ్ల మనిషి అవుతాడు. అదే 2022 సెప్టెంబరులో సీఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్ ఒకరు దాచినందుకు తొలగించడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. మీ భవిష్యత్తును ఏ న్యాయమూర్తి దయ మీదనో ఎందుకు పెట్టుకోవాలి?

మన సీమలో తరచుగా తప్పు జరిగేచోట్లు కొన్ని ఉన్నాయి. ఈ సమాధానం మీ ఒక్కరికే కాదు, చదివే మిగతావాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

బైండోవర్. దీన్ని కేసుగా ఎవరూ లెక్కపెట్టరు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా సమస్యాత్మక గ్రామాల్లో పదుల మందిని తహసీల్దార్ ముందు హాజరుపరిచి, శాంతికి భంగం కలిగించబోమని పూచీకత్తు రాయించుకుంటారు. దేవరగట్టు బన్నీ ఉత్సవానికి ముందు చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇదే జరుగుతుంది. అది పాత చట్టంలో సెక్షన్ 107, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ అనే కొత్త చట్టంలో 126. తహసీల్దార్ ఆ సమయంలో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్. నేరం చేశారని కాదు, చేయకుండా ముందుజాగ్రత్త. ఉద్యోగానికి పెద్ద అడ్డంకి కూడా కాదు. కానీ ఫారంలో ‘బైండోవర్ చేశారా’ అని సూటిగా అడుగుతున్నారు. అడిగినప్పుడు చెప్పాలి. పత్తికొండ వైపు ఒక కుర్రాడు ఈ ఒక్క గడిలో ‘లేదు’ అని రాసి ఎనిమిది నెలలు తిరిగాడు. అవును అని రాసి ఉంటే ఆ ఫైలు వారంలో కదిలిపోయేది.

జరిమానా కట్టి వచ్చేసిన కేసులు. ఇది అన్నిటికంటే మోసకారి. ఉగాదికో దీపావళికో పేకాట ఆడుతుంటే పట్టుకుంటారు, 1974 నాటి గేమింగ్ చట్టం కింద కేసు. కోర్టుకు తీసుకెళ్లగానే ‘ఒప్పుకో, జరిమానా కట్టేసి పోదాం, ఎవరు తిరుగుతారు’ అంటారు. తాగి బండి నడిపిన కేసులోనూ అంతే, రైల్లో చైన్ లాగిన కేసులోనూ అంతే. మేజిస్ట్రేట్ ముందు నేరం ఒప్పుకుని జరిమానా కట్టడం అంటే చట్టం దృష్టిలో శిక్ష పడినట్టే. మీ రాజీ కేసుకంటే ఇది బరువైనది. కర్ణాటక సరిహద్దు మండలాల్లో, రాయదుర్గం నుంచి కోసిగి దాకా, 2020 మేలో స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో వచ్చాక కర్ణాటక మద్యం ప్యాకెట్లతో దొరికిన కుర్రాళ్లు ఎందరో. ఎవరో పురమాయిస్తే సంచి తెచ్చినవాళ్లే చాలామంది. వాళ్లలో డిగ్రీ చదువుతున్న ఒకతను జరిమానా కట్టి మరిచిపోయాడు. మూడేళ్ల తర్వాత ఉద్యోగం వచ్చింది. ‘జరిమానా పడిందా’ అన్నదానికి ‘లేదు’ అన్నాడు. నేను వాళ్ల ఊరికి వెళ్లేసరికి నియామకపత్రం ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. ఆ ఉద్యోగం నిలవలేదు. నాకు ఇప్పటికీ ఆ గోడ కనిపిస్తుంది. చేరవేసిన సంచి సంగతి రాసి ఉంటే వచ్చేదా? కచ్చితంగా చెప్పలేను. చిన్న కేసు, ఒకటే కేసు, వయసు ఇరవై, ఇవన్నీ అతని పక్షాన ఉండేవి. లేదని రాసిన మాట వాటన్నిటినీ తుడిచేసింది.

ఇంటి ఆడపిల్లల పేర్లు. వదినకు అన్నకు పడక వేధింపుల కేసు (పాత చట్టంలో 498-ఏ) పెడితే ఫిర్యాదులో ఇంటిల్లిపాదీ ముద్దాయిలవుతారు. కడప వైపు ఒక అమ్మాయికి స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చింది. తను హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్న రోజుల్లో ఇంటి మీద పడిన కేసులో తనూ ఐదో ముద్దాయి. ‘కేసు అన్నయ్యది కదా’ అనుకుంది. పేరు మీది ఉంటే కేసు మీదే. అదృష్టం కొద్దీ ఆమె ఫారం ఇవ్వకముందే అడిగింది. కేసు పెండింగులో ఉందని, ఆ రోజుల్లో తాను ఫలానా హాస్టల్‌లో ఉన్నానని, కాలేజీ ధ్రువపత్రం జతచేసి రాసింది. ఆలస్యమైంది గానీ చేరింది.

తండ్రి మీదో తాత మీదో ఫ్యాక్షన్ కేసులున్న పిల్లలు భయపడుతూ ఫోను చేస్తారు. ఫారం అడిగేది మీ గురించి. మీ నాన్న కేసులు మీరు మీ కాలమ్‌లో రాయనక్కర్లేదు. విచారణకు వచ్చినవాడు ఊరి సంగతి అడిగితే మాత్రం బుకాయించకండి, తెలిసింది చెప్పండి. తండ్రి గొడవల నుంచి దూరంగా హాస్టళ్లలో పెరిగిన పిల్లల గురించి నేను చాలా నివేదికలు మంచిగా రాశాను, అది వాళ్ల హక్కు.

పద్దెనిమిదేళ్లలోపు జరిగినదైతే లెక్క వేరు. 2015 బాలల న్యాయ చట్టం సెక్షన్ 24 ప్రకారం బాల్యంలో తేలిన నేరం తర్వాతి జీవితానికి అనర్హత కాకూడదు. పదహారు నిండినవాళ్ల ఘోరమైన నేరాలకు మాత్రం మినహాయింపు ఉంది. అలాంటివాళ్లు ఫారం నింపే ముందు ఒక న్యాయవాదికి కాగితాలు చూపించండి.

అడ్రసుల విషయం కూడా. గత ఐదేళ్లలో ఏడాదికి మించి ఎక్కడ ఉన్నా రాయమంటారు. బెంగళూరులో రెండేళ్లు పనిచేసి, అక్కడి నుంచి విచారణ ఆలస్యమవుతుందని ఆ అడ్రసు వదిలేసేవాళ్లు ఎక్కువ. వదలొద్దు. పీఎఫ్ ఖాతాలో బెంగళూరు ఉంటుంది, ఫారంలో కళ్యాణదుర్గం ఉంటుంది. చదివేవాడికి ముందు వచ్చే అనుమానం, ఇతను అక్కడ ఏం చేసి దాస్తున్నాడని.

ఇంత పట్టింపు ఎందుకు అని ఒక డీఎస్పీ గారిని నేను కొత్తలో అడిగాను. ఆయన చెప్పిన కారణం నాకు ఆ తర్వాత అనుభవంలోకి వచ్చింది. సీఐఎస్ఎఫ్ అంటే విమానాశ్రయాలు, అణుకేంద్రాలు, రాకెట్ కేంద్రాల కాపలా. మన దగ్గరే తుమ్మలపల్లె యురేనియం గని ఉంది, ఓర్వకల్లు వైపు డీఆర్‌డీఓ పరీక్షా కేంద్రం ఉంది. అలాంటి గేటు దగ్గర నిలబడేవాడు ఒక సంగతి దాచి ఉద్యోగంలో చేరాడనుకోండి. ఆ సంగతి తెలిసినవాడి చేతికి అతని జుట్టు అందినట్టే. ‘ఈ ఒక్క బండిని చూడకుండా వదిలెయ్, లేకపోతే మీ ఆఫీసుకు ఉత్తరం రాస్తా’ అంటే ఏం చేస్తాడు? పాత కొట్లాట వల్ల దేశానికి ప్రమాదం లేదు, దాన్ని దాచుకుని భయపడే మనిషి వల్ల ఉంది. అన్నీ చెప్పేసి చేరినవాణ్ని ఎవరూ బెదిరించలేరు. అమెరికాలోనూ రహస్య సమాచారంతో పనిచేసేవాళ్ల అర్హతను తేల్చడానికి 13 మార్గదర్శకాలున్నాయి. అందులో ఒకటి అచ్చంగా వ్యక్తిగత ప్రవర్తన, నిజాయతీ గురించే. తప్పుగా చెప్పినవాడు ఎవరూ నిలదీయకముందే తనంతట తాను సరిదిద్దుకుంటే దాన్ని అతని పక్షాన లెక్కించే వీలు అక్కడ రాతపూర్వకంగా ఉంది.

ఆ మాట ఇప్పటికే ‘లేదు’ అని రాసి ఇచ్చేసినవాళ్లకు పనికొస్తుంది. విచారణ నివేదిక వెళ్లకముందే, ఈ రోజే, నియామక అధికారికి స్పీడ్ పోస్టులో లేఖ రాయండి. ఫలానా కాలమ్‌లో పొరపాటుగా లేదు అని రాశాను, అసలు వివరాలు ఇవి, పత్రాలు జతచేస్తున్నాను అని నాలుగు వాక్యాలు చాలు. రసీదు దాచుకోండి. దానివల్ల తప్పు మాసిపోతుందని హామీ ఇవ్వలేను గానీ, పట్టుబడినవాడికీ తనంతట చెప్పినవాడికీ ఫైలులో తేడా కనిపిస్తుంది. ఫారం ఇచ్చాక కొత్తగా ఏదైనా కేసు పడినా వెంటనే తెలపాలని అదే ఫారంలో ఉంటుంది.

ఇక మీరు ఎలా రాయాలి. కాలమ్‌లో ‘అవును, వివరాలు జతచేసిన కాగితంలో’ అని రాసి, విడి కాగితం మీద ఇవి ఇవ్వండి: క్రైమ్ నంబరు, సంవత్సరం, పోలీస్ స్టేషన్, సెక్షన్లు, మీరు ఎన్నో ముద్దాయి, సీసీ నంబరు, ఏ కోర్టు, లోక్ అదాలత్‌లో ముగిసిన తేదీ. కింద ఒక వాక్యం, ఈ కేసు తప్ప నా మీద వేరే ఏ కేసూ లేదు అని. అది నిజమైతేనే రాయండి. రాజకీయ కక్షతో ఇరికించారని, అవతలివాళ్లు దుర్మార్గులని కథ రాయకండి. అది నిజమే కావచ్చు. కానీ చదివే అధికారికి మీ ఊరి పార్టీలతో పనిలేదు, అతను మీ నిగ్రహాన్ని చూస్తాడు. ఒక పేజీ దాటకూడదు. నింపిన ఫారం మొత్తాన్నీ, ప్రతి పేజీనీ, జిరాక్సు తీసి పెట్టుకోండి. దరఖాస్తులో, వైద్య పరీక్షప్పుడు, ఇంకెక్కడ అడిగినా జవాబు ఇదే మాటల్లో ఉండాలి.

మీ తోటి ముద్దాయిల్లో ఎవరికైనా ఉద్యోగం వచ్చి ఉంటే వాళ్లు ఏం రాశారో అడగొద్దు, వాళ్లను చూసి మార్చుకోవద్దు.

జిల్లా పేరు జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. కళ్యాణదుర్గం అనంతపురంలోనే ఉంది కాబట్టి మీకు చిక్కు లేదు. ధర్మవరం, హిందూపురం వాళ్లు మాత్రం పాత కేసుకు ‘అప్పటి అనంతపురం, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా’ అని రెండూ రాయాలి. ఆళ్లగడ్డ, నంద్యాల వాళ్లు కర్నూలు విషయంలో అలాగే. లేకపోతే ఉత్తరం ఒక ఎస్పీ కార్యాలయానికి, రికార్డు ఇంకో చోట.

సోమవారం ఉదయమే మీ కేసు నడిచిన కోర్టుకు వెళ్లి ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, లోక్ అదాలత్ అవార్డు (రాజీ తీర్పు) మూడింటికీ ధ్రువీకృత నకళ్ల కోసం కాపీ దరఖాస్తు పెట్టండి. సీసీ నంబరు గుర్తులేకపోతే ఈ-కోర్ట్స్‌లో మీ పేరు, 2021 కొట్టి చూడండి. పేరు స్పెల్లింగ్ రెండు మూడు రకాలుగా ప్రయత్నించండి, ఛార్జిషీట్లలో మన ఇంటిపేర్లు రకరకాలుగా ఉంటాయి. పాత రికార్డు గదిలోకి వెళ్లిపోయి ఉంటే నకలు రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఫారం గడువు అంతకుముందే ఉంటే ఆగకండి. వివరాల కాగితంతో పాటు కాపీ దరఖాస్తు రసీదును జతచేసి, నకళ్లు రాగానే పంపుతానని రాసి ఇచ్చేయండి. అవార్డు చేతికి వచ్చాక అందులో అర్థం కాని మాట ఉంటే, పేర్లు తీసేసి ఇక్కడే పెట్టండి, చదివి చెబుతాను.